తలుపుతో చేసిన వైర్‌లెస్

వర్ని దగ్గర కాలువ క్వార్టర్లలో మా ఇంటికీ వైర్‌లెస్ గదికీ ఒకటే గోడ. మా ఆయన కాలువ సూపర్‌వైజర్. పై గేటు తెరిచేముందు అక్కడి మనిషి వైర్‌లెస్‌లో చెప్పాలి, ఇక్కడ గంట కొట్టాలి. అప్పుడే పూడిక తీసే కూలీలూ, వాళ్లతో దిగిన మా ఆయనా పైకి వస్తారు. మాట అందకపోతే నీళ్లే వచ్చి చెబుతాయి.

సాయంత్రాలు బాబును ఉయ్యాలలో ఊపుతూ గోడవతల వైర్‌లెస్‌లో ఆ పై గేటు మనిషి గొంతు వినేదాన్ని. నిండుగా వస్తూ వస్తూ మునిగేది, ఉయ్యాల కాసేపు ఊగేసరికి తేలేది. ఎందుకని? ఒకే అల రెండు దారుల్లో వచ్చి కలిస్తే ఆ రెండూ ఒకదాన్నొకటి మింగేయగలవని కాలేజీలో చదివాను. పళ్లెంలో నీళ్లు పోసి, పైన వరిపొట్టు చల్లి, రెండు వేళ్లతో తట్టాను. వరిపొట్టు ఒకచోట ఊగింది, పక్కనే కదలనేలేదు.

పై గేటు మనిషి ఒకప్పుడు నిజామాబాద్ పసుపు యార్డులో వేలం పిలిచినవాడు. ఏ మాటైనా ఒకే ఊపిరిలో మూడుసార్లు అనేవాడు.

"మూడుసార్లు చెప్తుండు గదా, ఒక్కటన్న అందదా?" అన్నాడు మా ఆయన.

"మూడూ ఒకే మునకల పోతే?"

ఆయన్ను పెరట్లో తలుపు కనబడకుండా అటు తిరిగి నిలబడి, నీళ్లొస్తున్నాయని పై గేటు మనిషిలాగే ఒకే ఊపిరిలో మూడుసార్లు అరవమన్నాను. గొంతు మునిగే తీరునే వంటింటి తలుపు మూస్తూ తెరుస్తూ పోయాను. లోపల అత్తయ్య పసుపు దంచుతోంది. తలుపు మూస్తే రోకటి చప్పుడే.

"ఏందే పిల్లా, తలుపు అరగదీస్తున్నవ్?"

"ఏమన్న వినబడ్డదా అత్తా?"

"వాడేమన్న అంటెగద!"

ఆయన మూడుసార్లూ అరిచి దగ్గుతున్నాడు.

ఈసారి ఒక్కసారి చెప్పి, మునిగిన గొంతు తేలేదాకా ఉయ్యాల ఊగేంతసేపు ఆగి మళ్లీ చెప్పమన్నాను.

"నీళ్లొస్తున్నయంటుండు," అంది అత్తయ్య. "ఏడికెళ్లొస్తయ్? బావిల చుక్క లేదు!"

పదేపదే చేశాం. ఆగి చెప్పిన మాట దాదాపు ప్రతిసారీ అందింది. ఆ 'దాదాపు' చాలదు. పై గేటు మనిషి ఆగి ఆగి చెప్పాలనీ, ఇక్కడినుంచి "అందింది" అని జవాబు పోనిదే గేటు తెరవొద్దనీ ఆయనతో నియమం పెట్టించాను.

తర్వాత కూలీలతో ఆయన కాలువలో దిగిన రోజు మొదటి పిలుపు మునిగిపోయింది. రెండోది అందింది. గంట విని అందరూ ఎక్కారు, చివరగా ఆయన.

ఈ రాత్రి గాలివాన. గోడవతల గొంతు తొందర తొందరగా మునిగి తేలుతోంది. నా తలుపుకు ఈ నడక తెలియదు. రేపు ఈ వేగంతో తలుపు మూసి తెరిచి చూడాలి, అత్తయ్యను మళ్లీ రోకలి పట్టమనాలి.