పాత కెర్నెల్ చెప్పిన సాక్ష్యం

మా బాపు గనిలో దిగలేదు, దిగేవాళ్ళకు దీపాలిచ్చాడు. చంద్రపూర్ పక్కన ఒక బొగ్గు గనిలో ముప్పై ఏళ్ళు దీపాల గదే ఆయన లోకం. కార్మికుడు తన ఇత్తడి బిళ్ళ ఇచ్చి టోపీ దీపం తీసుకుంటాడు. పైకొచ్చాక దీపమిచ్చి బిళ్ళ తీసుకుంటాడు. బోర్డుకు వేలాడే బిళ్ళలు చూస్తే లోపల ఎవరున్నారో తెలిసిపోతుంది. తన షిఫ్టులో దిగినవాళ్ళ బిళ్ళ ఒక్కటి మిగిలినా బాపు ఇంటికొచ్చేవాడు కాదు. అలాంటి మా నాన్నకు రిటైరయ్యే ఏడాది చార్జిషీటు ఇచ్చారు. కావాలని నెమ్మదిగా పని చేసి షిఫ్టు ఆలస్యం చేశాడట!

నెమ్మదిగా పని చేసింది కంప్యూటర్.

దేశం తలుపులు తెరిచిందని పేపర్లు ఊదరగొడుతున్న రోజులవి. మా గని ఆఫీసుకూ కంప్యూటర్ మోజు పట్టింది. నాగపూర్ కాంట్రాక్టరొకడు దీపాల గదిలో మిషన్ పెట్టి, బిళ్ళ నంబరు కొడితే మనిషి దిగాడో ఎక్కాడో రాసుకునే ప్రోగ్రాం ఎక్కించి, మళ్ళీ మొహం చూపలేదు. దాంట్లో ఉన్న మెమరీ ఎనిమిది మెగాబైట్లు. మామూలుగా బాగానే నడిచేది. షిఫ్టు మారేటప్పుడు, దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ ఒక్కసారే కిటికీ దగ్గర గుమిగూడితే మాత్రం బిగుసుకుపోయేది. హార్డ్ డిస్కు లైటు ఆగకుండా మిణుకుమనేది, తెర మీద అక్షరం కదిలేది కాదు. తిట్లన్నీ బాపుకు.

నేనప్పుడు ఊళ్ళో ఒక కంప్యూటర్ క్లాసులో పాఠాలు చెప్పేదాన్ని. చార్జిషీటు ఇంటికొచ్చిన వారమే, కాంట్రాక్టరు పలకడం లేదని ఆఫీసువాళ్ళు ఆ మిషన్ రిపేరు నోటిమాటగా మా క్లాసుకు అప్పగించారు. అందులో ఉన్నది సోర్సు కోడుతో సహా ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్. దాని నడిమధ్య ఉండే కెర్నెలే ఏ ప్రోగ్రాముకు ఎంత మెమరీ ఇవ్వాలో, చోటు చాలనప్పుడు దేన్ని డిస్కు మీదికి నెట్టాలో తేలుస్తుంది. వారం రోజులు కూర్చుని చదివితే దాని తెలివి బయటపడింది. మెమరీలో పట్టే సమాచారపు ముక్కలను పేజీలంటారు. రిజిస్టరు ఫైలు నుంచి ఒక్కసారి చదివిన పేజీలను మెమరీలో భద్రంగా దాస్తోంది. ప్రతి నిమిషం కావలసిన ప్రోగ్రాం పేజీలనేమో బయటికి గెంటి, మరుక్షణమే మళ్ళీ మోసుకొస్తోంది. దారినపోయే వాడికి మంచమేసి ఇంటివాడిని వాకిట్లో పడుకోబెట్టినట్టు.

ఈ మాట చెబితే బాపు నవ్వలేదు, కోపం తెచ్చుకున్నాడు.

"నా దీపాల అల్మారా సూడలేదా బిడ్డా? రోజొచ్చేటోని దీపం చేతికందేటట్టు ముందట ఉంటది. సెలవు మీద పోయినోనిది ఎనుక ఉంటది. గింత తెల్వదా దానికి?"

తెలియదు. నేర్పాను. మళ్ళీ మళ్ళీ తాకే పేజీలు ముందు వరుసలో, ఒక్కసారే తాకినవి వెనక వరుసలో ఉండేలా, చోటు కావలసినప్పుడు వెనక వరుసే ముందు ఖాళీ అయ్యేలా కోడు మార్చాను. రాసిన కోడు మిషన్ భాషలోకి మారడానికి, అంటే కంపైల్ కావడానికి, క్లాసు మిషన్ మీద సగం రోజు పట్టేది. రెండుసార్లు మిషన్ లేవనే లేదు. మూడోసారి నిలబడింది. దాన్ని దీపాల గదిలో ఎక్కించిన రోజు షిఫ్టు మారుతుంటే క్యూ ఎక్కడా ఆగలేదు. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు.

నా బుద్ధి గడ్డి తిన్నది అక్కడే. విచారణ ఇంకా జరగలేదు.

నాలుగు రోజుల తర్వాత విచారణ అధికారి వచ్చి, నాలుగు నంబర్లు కొట్టి చూశాడు. "మషీన్ తో బఢియా చల్తీ హై," అన్నాడు. మిషన్ ఇంత బాగా నడుస్తోందంటే తప్పు మనిషిదేనట. మొన్ననే నేను బాగుచేశానని చెప్పాను. "కూతురు తండ్రిని వెనకేసుకు రాక ఏం చేస్తుంది?" అని నవ్వాడు. ఆ నవ్వుకు అరికాలి మంట నెత్తికెక్కింది. ముప్పై ఏళ్ళలో ఒక్క మనిషి లెక్క కూడా తప్పని బాపు మాట చెల్లదు, కోడు రాసిన నా మాటా చెల్లదు!

కొత్త కెర్నెల్ పెట్టినా పాతదాన్ని చెరపకూడదని మా పనిలో కట్టుబాటు. మధ్యాహ్నం షిఫ్టుకు పది నిమిషాలుందనగా మిషన్ ఆపి, పాతదానితో మొదలుపెట్టాను. "సాబ్, ఈ పూట మీరే కొట్టండి," అని కుర్చీ చూపించాను. ఆయన దర్జాగా కూర్చున్నాడు.

కాసేపటికే తెర బిగుసుకుంది. ఆయన మీటలను గట్టిగా బాదాడు. బాదితే కదులుతుందా? కిటికీ అవతల జనం పెరిగారు.

"ఏందే, లోపలోడు నిద్రవోతుండా? గింత సేపా!" అని ఒకాయన తెలుగులో అరిచాడు. ఇంకొకాయన మరాఠీలో అంతకంటే ఘాటుగా తిట్టాడు. తెలుగు సంగతేమో గానీ మరాఠీ తిట్టు మాత్రం అధికారికి బాగానే అర్థమైంది, చెవులు ఎర్రబడ్డాయి.

"ఇది నా తప్పా?" అని నా మీద విరుచుకుపడ్డాడు.

"మా బాపు అడిగిందీ అదే సాబ్," అన్నాను. అప్పుడు కొత్త కెర్నెల్‌తో మిషన్ లేపాను. ఆ క్యూ అంతా ఆయన కళ్ళ ముందే కరిగిపోయింది.

తర్వాత ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ఇంగ్లీషులో ఉంటే నేనే చదివి చెప్పాను. ఆలస్యం యంత్రలోపం వల్ల జరిగిందట, చార్జిషీటు వాపసు తీసుకున్నారట, ఇకమీదట సదరు ఉద్యోగి జాగ్రత్తగా పని చేయాలట. కింద సంతకం పెడితేనే కేసు ముగుస్తుంది. బాపు పెన్ను తీసుకుని ఆగాడు.

"తప్పు మిషిన్‌దైతే, జాగ్రత్తగ ఉండాల్సింది నేనా బిడ్డా?"

కెర్నెల్‌లో తప్పు వరుసలు తీసేయగలిగాను, ఆ కాగితంలో ఆ ఒక్క వరుసను తీయించలేకపోయాను. షిఫ్టుకు టైమవుతోందని ఆయన సంతకం పెట్టేశాడు.