అమ్మ వెయ్యని ఒత్తులు

మొన్న, నర్సు ఉద్యోగానికి కువైట్ వెళ్తున్న మా మనవరాలికి దిండు గలీబు కుట్టి ఇద్దామని, మ్యాటీ గుడ్డ కోసం అమలాపురంలో ఒక దుకాణానికి వెళ్తే, అక్కడి అమ్మాయి రెండు తానులు నా ముందు పరిచి, "చిన్న గళ్ళది ఇమ్మంటారా అండీ, పెద్ద గళ్ళదా?" అని అడిగింది. నలభై ఏళ్ళ కిందట ఇలాంటి బల్ల ముందే నిలబడి నేను చేసిన పని గుర్తొచ్చింది.

మన రోజుల్లో ఆడపిల్లలున్న ఇళ్ళల్లో మ్యాటీ గుడ్డ మీద గళ్ళు లెక్కపెట్టి కుట్టిన చిలకల జంటో, గులాబీల గుత్తో గోడకు వేలాడుతుండేది, మీకూ గుర్తుండే ఉంటుంది. మా అమ్మ బొమ్మల జోలికి పోయేది కాదు, అక్షరాలే కుట్టేది. ఇంగ్లీషు అక్షరాలైతే ఒక వరసలో బుద్ధిగా కూర్చుంటాయి గాని, మన అక్షరానికి నెత్తిన గుడికీ, కాళ్ళ కింద ఒత్తుకీ కూడా గళ్ళు వదలాలి. అందుకని అమ్మ ముందు అక్షరాలన్నీ కుట్టుకుని, ఒత్తులు ఆఖరున వేసేది. ఆవిడంత సన్నగా కుట్టేవాళ్ళు లేరని చర్చిలో అందరూ అంటుంటే నాకు ఎక్కడలేని గొప్పగా ఉండేది.

మా అక్క ఇంటిపనికి కువైట్ వెళ్ళే ముందు, దాని దిండుకు "చల్లగా ఉండు తల్లీ" అని కుట్టాలని అమ్మ నన్ను గుడ్డకు పంపుతూ, "ఈసారి పెద్ద గళ్ళది తేవే" అంది. పెద్ద గళ్ళది బళ్ళో చిన్నపిల్లలు కుట్టు నేర్చుకునే గుడ్డ, అమ్మకు అదేం ఖర్మ అనుకుని, మహా తెలివైనదానిలా అన్నిటికన్నా సన్నని గళ్ళది తెచ్చాను. అమ్మ దాన్ని వేళ్ళతో చాలాసేపు తడిమింది.

"బాగుందే. దీని మీదే కుట్టేస్తాలే" అంది.

పది రోజులు గుమ్మంలో వెలుగుకు ఎదురుగా కూర్చుని కుట్టింది. సూదిలో దారం ఎక్కించమని పిలిచినప్పుడల్లా విసుక్కుంటూ ఎక్కించి పారిపోయేదాన్ని. ప్రయాణం నాటికి అక్షరాలైతే పూర్తయ్యాయి గాని ఒత్తులు పడలేదు. "చలగా ఉండు తలీ" అని చదివి నేను వెక్కిరించాను కూడా. అక్క ఆ గలీబునే పెట్టెలో సర్దుకుంది.

అమ్మ కళ్ళకు శుక్లాలు ముదిరాయని, తెలిస్తే అక్క ప్రయాణం మానుకుంటుందని ఎవరికీ చెప్పలేదని, అక్క విమానం ఎక్కాక గాని నాకు తెలియలేదు. ఆవిడ అడిగింది ఒక్క పెద్ద గళ్ళ గుడ్డ. అదీ తేలేకపోయాను. తరవాత ఆవిడ మళ్ళీ సూది పట్టలేదు. అక్క తిరిగొచ్చేసరికి అమ్మ లేదు.

వెలిసిపోయిన గలీబు అక్క పెట్టెలో కనిపిస్తే, ఒత్తులు నేను వేస్తానని సూది తీశాను. అక్క నా చేతిలోంచి గుడ్డ లాక్కుంది.

"వద్దులేవే. ఇన్నేళ్ళూ ఇలాగే చదువుకున్నాను" అంది.

అప్పుడైనా గుడ్డ సంగతి చెప్పేద్దామనుకున్నాను. చెప్పలేకపోయాను.

ఇప్పుడు ఏ మాటైనా మిషను మీద నిమిషంలో కుట్టేస్తున్నారు, కువైట్‌లో ఉన్న పిల్ల ముఖం రోజూ ఫోనులో చూడొచ్చు. గళ్ళు లెక్కపెట్టే ఓపిక ఎవరికీ లేదు, నా కళ్ళకూ సన్నవి ఆనడం లేదు. దుకాణంలో అమ్మాయిని పెద్ద గళ్ళదే ఇమ్మన్నాను. చిన్నపిల్లలకా అండీ అని అడిగితే, నాకేనమ్మా అన్నాను. ఇంటికొచ్చి అమ్మ మాటే కుట్టడం మొదలుపెట్టాను. అక్షరాలు ఇంకా మొదలుపెట్టనే లేదు. ముందు రెండు ఒత్తులూ వేసేశాను.