ముందు రెండు కలపండి

మొన్న అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో నా సెల్‌ఫోను పోయింది. జారిపడిందో, ఎవరైనా కొట్టేశారో తెలియదుగానీ, మెట్ల పక్కన బిక్కమొహం వేసుకుని నిలబడ్డ నన్ను చూసి, మెడలో ఆఫీసు కార్డు వేసుకున్న ఒకమ్మాయి తన ఫోను నా చేతిలో పెట్టి ఇంటికి చేసుకోమంది. తీసుకున్నానేగానీ, ఎవరికి చెయ్యను? కూతురి నంబరు గుర్తులేదు, మా ఆయనది అంతకంటే గుర్తులేదు. తడుముకోకుండా వేలు నొక్కబోయిన నంబరు ఒక్కటే ఉంది, అది మా ఇంటిది కాదు. నొక్కకుండానే ఫోను తిరిగి ఇచ్చేసి ఆటో ఎక్కాను.

కంప్యూటరు కోర్సుల కోసం ఊళ్లకు ఊళ్లే అమీర్‌పేటలో దిగిపోతున్న రోజుల్లో, మేము గుంటూరు నుంచి వచ్చి, అద్దె ఇంటి ముందుగదిలో ఎస్టీడీ బూతు పెట్టుకున్నాం. మన వయసువాళ్లకు చెప్పనక్కర్లేదు, రాత్రి రేటు తగ్గే వేళకు బూతు ముందు ఎంత క్యూ ఉండేదో. మా ఎదురింట్లో ఏలూరు వైపు కుటుంబం ఉండేది. ఆయనకు సోమాజిగూడలో ఒక ఆఫీసులో ఉద్యోగం, వాళ్లకు ఒక్కతే కూతురు, రెండో తరగతి. ఆ తల్లి రోజూ పొద్దున పిల్లను గుమ్మంలో కూర్చోబెట్టి, రెండు జడలు వేస్తూ ఇంటి ఫోను నంబరు ఎక్కంలా వల్లె వేయించేది. చిక్కు లాగినచోట అంకె కాస్త కీచుమనేది. వినీ వినీ ఆ నంబరు వీధిలో అందరికీ నోటికి వచ్చేసింది. సాయంత్రాలు ఆ పిల్ల మా బూతుకొచ్చి, మీటరులో తిరిగే ఎర్ర అంకెల కేసి నోరు తెరుచుకుని చూస్తుండేది.

ఒకరోజు రెండు సందుల అవతలికి ట్యూషనుకు వెళ్లిన పిల్ల తిరిగి రాలేదు. అప్పుడే క్లాసులు వదిలారు, రోడ్డంతా పుస్తకాల సంచుల జనం, ఆ జనంలో ఎవరూ ఆ పిల్లను చూసిన గుర్తు లేదన్నారు. పోలీసులు వెతికారు, పేపర్లు ఫొటో వేశాయి, టీవీల వ్యాన్లు మా సందులో పట్టక చౌరస్తాలో ఆగాయి. తండ్రి లక్డీకాపూల్ పోలీసు ఆఫీసుల్లో ఎక్కని మెట్టు లేదు. రైల్లో చూశామన్నవాళ్లున్నారు, గుడి దగ్గర చూశామన్నవాళ్లున్నారు, ఏదీ నిజం కాలేదు. ఏం జరిగిందో ఈరోజుకీ ఎవరికీ తెలియదు. చీకటి పడేదాకా సందులో ఆడే పిల్లలు ఆ తర్వాత ఆడలేదు. మా చుట్టుపక్కల బడుల్లో ప్రార్థన కాగానే పిల్లల చేత ఇంటి నంబరు చెప్పించడం అప్పుడే మొదలైంది.

తల్లి మాత్రం ఫోను పక్కనే కూర్చునేది. దానికి నంబరు వచ్చు, ఎక్కడున్నా చేస్తుంది అనేది. ఆ ధైర్యంతోనే రెండు మెతుకులు తినేది.

ఇంతలో ఊళ్లో టెలిఫోను నంబర్లన్నిటికీ ముందు ‘రెండు’ అనే అంకె చేర్చారు. మాకందరికీ అదొక చిన్న విసుగు, బోర్డు మీద పెయింటరుతో ఒక అంకె రాయించుకుంటే సరి. ఆమె మాత్రం చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చింది.

"అక్కయ్యగారూ, ఈ రెండు సంగతి దానికి తెలియదు కదండీ! పాత నంబరే కొడుతుంది. నంబరు మారిందని చెప్పే ఆ టేపు మాటలు విని భయపడి పెట్టేస్తుంది."

నాకు ఏడుపు ఆగలేదు. కాసేపటికి తేరుకుని, ఇద్దరం బయల్దేరి అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా ప్రతి బూతూ ఎక్కి దిగాం. ఒంటరిగా చిన్నపిల్ల ఎవరైనా వచ్చి పాత నంబరు కొడితే, ముందు రెండు కలిపి మీరే కొట్టి ఇవ్వండి బాబూ అని బతిమాలాం. పంజాగుట్ట మలుపులో బూతు నడిపే ఆయన, ఆమె దణ్ణం పెట్టబోతే లేచి నిలబడ్డాడు.

"గిట్ల చెయ్యకక్కా, జర కూసో. గా పాప నా తానకొస్తే రెండు సుత నేనే కొడ్త. నువ్వొచ్చేదాంక ఈడనే కూసోపెడ్త, ఫికర్ చెయ్యకు."

ఆ మాట బూతులవాళ్లందరూ నిలబెట్టుకున్నారు. ఏ పిల్ల ఒంటరిగా వచ్చినా కుర్చీ వేసి, నంబరు తామే కలిపి, ఇంటి మనిషి వచ్చాకే పంపేవారు. అలా తప్పిపోయిన పిల్లలు కొందరు ఇళ్లు చేరారు. కబురు అందిన ప్రతిసారీ ఆ తల్లి పరుగున వెళ్లి, తన పిల్ల కాదని చూసి, ఆ బిడ్డకు బిస్కెట్లు కొనిపెట్టి వచ్చేది.

బూతులన్నీ పోయాయి. ఆ ముందుగదిలోనే మాదిప్పుడు నా కూతురు నడిపే కర్రీ పాయింటు. ఎదురింటివాళ్లు ఆ ఇల్లూ మారలేదు, ఆ ల్యాండ్‌లైనూ తీసేయించలేదు. నా కూతురి పెళ్లి కుదిరినప్పుడు ఆ సంతోషం చెబుదామని గుంటూరు నుంచి ఫోను చేశాను. మొదటి రింగు పూర్తికాకముందే ఎత్తి, నేను నోరు తెరిచేలోగా, "ఎక్కడున్నావమ్మా? అక్కడే ఉండు, వచ్చేస్తున్నా" అంది. నేనని చెప్పి, పెళ్లి మాట ఎత్తకుండానే పెట్టేశాను. అప్పటి నుంచి ఏం చెప్పాలన్నా వీధి దాటి వెళ్లే చెబుతాను.

నిన్న మనవరాలికి జడ వేస్తూ మా నంబరు నేర్పబోతే, ఫోనులో ఉందిగా అమ్మమ్మా అని విదిలించుకుని పోయింది. నిజమే, ఇప్పుడు ఎవరికీ ఎవరి నంబరూ నోటికి రాదు. ఒంటరి పిల్లకు కుర్చీ వేసే బూతులూ లేవు. ఎదురింటి పిల్ల ఎక్కడైనా ఉంటే, మొన్న నాకు ఫోను ఇచ్చిన అమ్మాయి ఈడుది అయివుంటుంది. ఆ అమ్మాయి ఫోనులోంచి నేను నొక్కి ఉంటే, ఆ తల్లి మొదటి రింగుకే ఎత్తేది. నాకు చేతులు రాలేదు.