ఇల్లు మోసిన ఊరు

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఇళ్లు నడిచేవి. ఈ మాట అన్నప్పుడల్లా మా మనవడు, అమ్మమ్మకి మతి తప్పుతోందా అన్నట్టు వాళ్లమ్మ వంక చూస్తాడు. వాడి తప్పేం లేదు. అమెరికాలో, ఈ బాతెల్‌లో పుట్టి పెరిగినవాడు. ఇక్కడ ఇల్లు కదిలిందంటే భూకంపం వచ్చిందనే అర్థం. కానీ నేను చూశాను. కిటికీలూ కప్పూ చెక్కుడు గోడలూ ఉన్న ఇల్లు, మనుషుల భుజాల మీద ఊగుతూ కొబ్బరిచెట్ల మధ్యనుంచి వెళ్లడం ఈ కళ్లతోనే చూశాను.

ఈ మధ్య అది మాటిమాటికీ గుర్తు రావడానికి కారకుడు ఒక మహానుభావుడు. మా అమ్మాయి వాళ్ల ఫ్యామిలీ ఫ్రెండ్. ఏదో కంపెనీలో డైరెక్టరు. దేనికి డైరెక్టరో ఎన్నిసార్లు చెప్పినా నాకు బుర్రకెక్కలేదు. ఆయనగారు మలేషియా విహారానికి వెళ్లి, అక్కడొక పాత మలాయ్ చెక్క ఇంటి మీద మోజుపడి, కొని, విప్పించి, కంటైనర్‌లో ఓడ ఎక్కించి తెచ్చి, తన పెరట్లో వాగు పక్కన నిలబెట్టించాడు. దానికి 'హెరిటేజ్ పెవిలియన్' అని నామకరణం కూడా చేశాడు. నేను పుట్టి పెరిగింది ఆ దేశంలోనే, అప్పటి మలయాలో కాబట్టి గృహప్రవేశానికి నన్ను ప్రత్యేకంగా పిలిచాడు. వచ్చినవాళ్లకి ఇంటితో పాటు నన్నూ చూపించాడు.

ఆ ఇళ్లకి ఇనప మేకు అక్కర్లేదు. ఒక చెక్కకి తొలిచిన రంధ్రంలోకి ఇంకో చెక్క దూరుతుంది, దాన్ని కొయ్య సీల కదలకుండా పట్టుకుంటుంది. స్తంభాలు భూమిలో పాతరు, రాళ్ల మీద ఊరికే నిలబడతాయి. నేల కింద గాలి ఆడుతూ ఉండాలి, కోళ్లు తిరుగుతూ ఉండాలి. ఈయన ప్రతి కీలుకీ ఇనప బోల్టు బిగించాడు. సీలలు ఊడిన చోట పుట్టీ పూశాడు. నేల కింద చుట్టూ ప్లైవుడ్ కొట్టి, అందులో వైన్ ఫ్రిజ్ పెట్టాడు. గాలాడక కింద చెక్క అప్పుడే చెమ్మ పట్టి నల్లబడుతోంది.

"ఇది చచ్చిపోతున్న ట్రెడిషన్ ఆంటీ. మనలాంటివాళ్లం ప్రిజర్వ్ చేయకపోతే ఇంకెవరు చేస్తారు?" అన్నాడు, గ్లాసు పట్టుకుని.

అది చచ్చేదాకా నువ్వే బోల్టులు బిగిస్తున్నావు కదా నాయనా అనబోయాను. మా అమ్మాయి కళ్లురిమింది. మిరపకాయ బజ్జీ నోట్లో పెట్టుకున్నాను. అప్పుడే మా పక్కింటి అవ్వ గుర్తొచ్చింది.

మా తాతయ్య శ్రీకాకుళం వైపునుంచి కొబ్బరి ఎస్టేటు పనికి మలయా వచ్చాడు. కొన్నాళ్లకి ఆ చాకిరీ వదిలించుకుని, నది ఒడ్డున మలాయ్ వాళ్ల ఊరి అంచున చిన్న తోట కౌలుకి తీసుకున్నాడు. ఆ ఊళ్లో తెలుగిల్లు మాదొక్కటే. మా పక్కన ఒక మలాయ్ ముసలి దంపతులు ఉండేవారు. అవ్వ మంచిదే. ఆ ముసలాయనంటే మాత్రం ఊరంతటికీ ఒళ్లుమంట.

ఆయన ఇల్లు మొత్తం ఊరికి తలమానికం. రాయిలాంటి కలప. గోడలకి పైన తీగలూ పువ్వులూ చెక్కిన పలకలు, వాటి సందుల్లోంచి పొద్దున్న ఎండ నేల మీద ముగ్గులాగా పడేది. ఆ ఇల్లు చూసుకుని ఆయనకి తల పొగరు. పక్కవాళ్లవి గుడిసెలు, ఆయనదొక్కటే ఇల్లు. ఎవరు ఎదురొచ్చినా చూపు వాళ్ల తల మీదనుంచి వెళ్లిపోయేది.

ఆ ఊళ్లో ఒక ఆచారం ఉండేది. నది కోస్తోందనో, కొడుకు పక్కన ఉండాలనో ఎవరైనా ఇల్లు జరుపుకోవాలంటే, ఇంటి యజమాని తానే గడప గడపకీ వెళ్లి నోరు తెరిచి అడగాలి. కబురు పంపితే చెల్లదు. భార్య వెళ్లి అడిగినా చెల్లదు. అడిగితే ఊళ్లో మగవాళ్లందరూ రావలసిందే. స్తంభాలకి వెదురు బొంగులు కట్టి, ఇంటికి ఇల్లే ఎత్తి భుజాన పెట్టుకుని నడిచేవారు. ఆ పూట భోజనం ఆ ఇంటివాళ్లది. కూలి మాటే ఉండదు. ఇవాళ నేను నీ ఇల్లు మోస్తే, రేపు నువ్వు నాది మోస్తావు.

మా ముసలాయన మాత్రం ఎప్పుడూ ఎవరి ఇంటికీ భుజం పెట్టలేదు. అడగడానికి వచ్చినవాళ్ల ముఖం మీదే, మీ తాటాకుల కోసం నా భుజం కందించుకోనా అనేవాడట. గాలివానకి మా కొట్టం కప్పు లేచిపోయినప్పుడు మా తాతయ్య వెళ్లి పిలిస్తే, కిటికీ రెక్క మూసుకున్నాడు. ఆయన లెక్క ఏమిటంటే, అంత గట్టి ఇల్లు కట్టుకున్నవాడికి దాన్ని కదిలించాల్సిన అవసరమే రాదు. గొప్ప ఇళ్లవాళ్లందరూ చేసే పొరపాటే ఇది.

ఒక ఏడు వానలకి నది తిక్కతిక్కగా పారింది. ముందు ముసలాయన ఇంటి వెనక ఒడ్డున ఉన్న జామచెట్లు పోయాయి. తర్వాత స్నానాల రేవు మెట్లు పోయాయి. ఆ తర్వాత రోజుకింత ఒడ్డు విరిగి, వంటింటి స్తంభం కింద రాయి సగం గాలిలోకి వచ్చింది. ఇంక ఒక్క పెద్ద వాన పడితే ఇల్లు నదిలో ఉంటుంది. ఊళ్లోవాళ్లు వచ్చి చూసేవారు, వెళ్లిపోయేవారు. ఒక్కరూ నోరు విప్పలేదు. ముసలాయన చేతులు కట్టుకుని, ఏమీ కానట్టు నది వంక చూస్తూ నిలబడేవాడు. నది కూడా ఆయన్ని ఖాతరు చేయలేదు.

ఒక పొద్దున్న ఆయన తోటలోకి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఇంటికి నిచ్చెన మెట్లు లేవు. అవ్వ వాటిని విప్పి పైకి లాగేసుకుంది. ముందు గదిలో కిటికీ దగ్గర చాప వేసుకుని, తమలపాకు నములుతూ కూర్చుంది. వంటింటి పొయ్యిలోంచి పొగ వస్తోంది. కర్రపెండలం ఉడికిన వాసన నేను నిలబడ్డ చోటిదాకా వచ్చింది.

దిగమని అరిచాడు ఆయన. అవ్వ ఆకు నమలడం పూర్తి చేసి, తీరిగ్గా కిటికీలోంచి కింద ఉమ్మి, అప్పుడు చెప్పింది.

"నేను దిగాలంటే ఇల్లు కదలాలి. ఇల్లు కదలాలంటే నువ్వు కదలాలి."

తిట్టాడు. బతిమాలాడు. మళ్లీ తిట్టాడు. వాళ్లాయన్ని ఊళ్లో ఎవరూ ఏమీ అనలేరు కానీ, ఆవిడకి ఆయనంటే పూచికపుల్ల పాటి లక్ష్యం లేదని ఆ రోజే నాకు తెలిసింది. ఆవిడే ఊళ్లోకి వెళ్లి కన్నీళ్లు పెట్టుకుంటే ఆచారం పక్కన పెట్టి అయినా అందరూ వచ్చేవారు. ఆవిడ ఆ పని చేయదలుచుకోలేదు. అడగాల్సింది ఎవరో వాళ్లే అడగాలి. అంతలో ఒడ్డు ఇంకో పెళ్ల విరిగి ధబ్బుమని నీళ్లలో పడింది. పైన గిన్నెలు గలగలమన్నాయి. ఆయన లుంగీ బిగించుకుని గడపలు ఎక్కడానికి బయల్దేరాడు.

మొదటి గడప మాదే. మా తాతయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ముసలాయన వచ్చి, మా కోళ్లగూడు వంక చూస్తూ ఏదో గొణిగాడు.

"ఏమిటీ? వినబడలేదు" అన్నాడు తాతయ్య మలాయ్‌లో. మా తాతయ్య దేవుడేం కాదు. కిటికీ రెక్క సంగతి మర్చిపోలేదు.

ముసలాయన మళ్లీ అన్నాడు. ఈసారి మా వంటింట్లో అమ్మకి కూడా వినబడింది. తాతయ్య లేచాడు. అప్పుడు చూశాను నేను, ఆయన భుజం మీద తువ్వాలు దిండులా మడతపెట్టి ఉంది. బొంగు ఒరుసుకోకుండా వేసుకునే మడత అది.

నేను వింతగా చూస్తే, దారిలో నాతో తెలుగులో గొణిగాడు. "మొన్నట్నుంచీ ఏసుకొనే ఉన్నానే. ఆడొచ్చి అడగాల కదా."

ఒక్క మా తాతయ్యే కాదు. ముసలాయన గడప గడపకీ వెళ్తుంటే, ప్రతి ఇంట్లోంచీ భుజాన మడత తువ్వాలుతోనే మనుషులు బయటికి వచ్చారు. నమాజు చేసుకునే చోటి వెనకాల వెదురు బొంగులు కొట్టి, గణుపులు చెక్కి, వరసగా పేర్చి ఉన్నాయి. తాళ్లు నానబెట్టి ఉన్నాయి. ఊరంతా సిద్ధం చేసుకుని, ఒక్క మాట కోసం కూర్చుంది. ముసలాయన ఆ బొంగుల వంక చూసి అక్కడే నిలబడిపోయాడు. ఆ చూపు నేను మర్చిపోలేదు. అంతమంది మీద అన్నేళ్లు చూపించిన చులకనంతా తన మీదికే తిరిగొచ్చినట్టుంది ఆయన ముఖం.

అవ్వ మెట్లు దించింది. సామాను దించారు. నేల పలకలు విప్పి బరువు తగ్గించారు. అందరూ తలా ఒక బొంగు పట్టుకున్నారు. ముసలాయన్ని అందరికంటే వెనక, నది వైపు, మా తాతయ్య పక్కన నిలబెట్టారు. ఆ చివర బరువెక్కువ. కావాలనే నిలబెట్టారని నా నమ్మకం.

నేను ఊరికే నిలబడి చూస్తుంటే అవ్వ వచ్చి తన పిల్లిని నా చేతుల్లో పడేసింది. అందరూ ఏదో ఒకటి మోయాల్సిందే, నువ్వు దీన్ని మోయి, అంది. ఒకడు కేక పెట్టాడు. ఇల్లు మూలిగింది, ఊగింది, లేచింది. పిల్లి బెదిరి నా ముంజేతిని చీరేసింది. రక్తం కారుతున్నా వదల్లేదు. ఇంటి వెనకాలే, పిల్లిని గుండెకి అదుముకుని, నేనూ నడిచాను.

ఆ వారంలోనే పాత చోటు నదిలో కలిసిపోయింది. ముసలాయన మంచివాడైపోయాడని చెప్పను, అంత తేలిగ్గా ఎవరూ మారరు. నోటి దురుసు అలాగే ఉండేది. కానీ ఆ తర్వాత ఊళ్లో ఏ ఇల్లు లేచినా, తిట్టుకుంటూనే ముందుగా వచ్చి భుజం పెట్టేవాడు.

ఇక మన డైరెక్టరుగారి సంగతి. పోయిన వసంతంలో ఆయనకి సిటీ ఆఫీసునుంచి నోటీసు వచ్చింది. పెవిలియన్ వాగుకి మరీ దగ్గరగా ఉందట, వేసవి అయ్యేలోగా వెనక్కి జరపాలి, లేదా తీసేయాలి. ఆయన తల పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. క్రేన్ రావడానికి దారి లేదట. ఆయన ముఖం చూస్తే నాకు నిజంగా ఆశ పుట్టింది. బోల్టులు విప్పించు, కప్పూ నేల పలకలూ దించు, మిగిలింది మనుషులు ఎత్తగలిగినంతే, నీ చుట్టుపక్కలవాళ్లని వెళ్లి అడుగు అన్నాను. మా ఊరి సంగతి మొత్తం చెప్పాను. కళ్లు మెరిసేలా విన్నాడు.

"వావ్ ఆంటీ, సో అథెంటిక్! ఈవెంట్ చేద్దాం."

చేశాడు. కంపెనీ వాళ్లకీ, తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులకీ లింకు పంపాడు. లింకు నొక్కితే ముందు, దెబ్బ తగిలితే మాకు బాధ్యత లేదని సంతకం. తర్వాత టీషర్ట్ సైజు. ఇంటి బొమ్మతో టీషర్టులు కూడా అచ్చు వేయించాడు. ఆ శనివారం వచ్చింది ఎవరయ్యా అంటే, ఎమ్మెస్ చేస్తున్న కుర్రాళ్లు ఇద్దరు. పాపం, ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తాడేమోనని వచ్చారు.

"మీ పక్కింటివాళ్లని అడిగావా?" అన్నాను.

"వాళ్లనా? వాళ్లతో ఫెన్స్ ఇష్యూ ఉంది ఆంటీ. ఆ ఎదురింటాయన మీద నేనే, ఆకులు ఊదే ఆ లీఫ్ బ్లోయర్ సౌండ్ గురించి కంప్లెయింట్ పెట్టాను. ఆక్వర్డ్‌గా ఉంటుంది."

ఎన్నో ఏళ్లుగా ఆ వీధిలో ఉంటూ వాళ్ల పేర్లు కూడా ఆయనకి తెలియవు. సముద్రం అవతలి ఊరి సంప్రదాయాన్ని మాత్రం బతికిస్తాడట.

చివరికి రంపాలు వచ్చాయి. చెక్కుడు పలకలు మాత్రం ఊడదీయించి, మిగతాదంతా కోయించాడు. బోల్టులు తుప్పు పట్టి ఊడకపోతే కీళ్ల దగ్గరే అడ్డంగా కోశారు. ఆ రోజు మా అమ్మాయి వద్దన్నా వినకుండా నేను వెళ్లి ఆ పెరట్లో నిలబడ్డాను. ఎవరో ఒకరు ఉండాలి కదా అనిపించింది. రంపం చప్పుడుకి ఫెన్స్ అవతలనుంచి ఒక తెల్లాయన తొంగి చూశాడు. పెద్ద మనిషి. ఏమవుతోందని అడిగాడు. నాకొచ్చిన ఇంగ్లీషులో, జరపాల్సి వచ్చింది, ఎత్తడానికి మనుషులు దొరకలేదు అని చెప్పాను.

ఆయన ఆ దుంగల వంక చెయ్యి చూపిస్తూ మాట్లాడాడు. తనకి ముగ్గురు కొడుకులున్నారనీ, ఎదురింటాయన ఒకప్పుడు ఇళ్లు కట్టేవాడనీ, ఇద్దరి షెడ్లలోనూ జాకీలూ మోకులూ ఉన్నాయనీ చెప్పాడు. ఆ ఇల్లంటే తన భార్యకి ఎంతో ఇష్టమట, పొద్దున్నే కిటికీలోంచి దాన్నే చూస్తూ కాఫీ తాగేదట.

"నోబడీ ఆస్క్‌డ్ అస్" అన్నాడు.

నాకు మా ఊరి ముసలాయన గుర్తొచ్చాడు. ఆ ముసలాయనకి కిటికీ దగ్గర కూర్చుని ఆకు నమిలే అవ్వ ఉంది. మన డైరెక్టరుగారికి అలాంటివాళ్లు ఎవరూ లేరు.

ఆ చెక్కుడు పలకలు ఇప్పుడు డైరెక్టరుగారి హోమ్ థియేటర్ గోడకి ఉన్నాయి, వెనక లైటు పెట్టి. మొన్న ఎవరో అతిథులకి వాటిని చూపిస్తూ, ఆంటీ చిన్నప్పుడు ఇలాంటి హెరిటేజ్ మధ్యనే పెరిగారు, అదేమిటో చెప్పండి ఆంటీ అన్నాడు. నేను చీర కొంగు పక్కకి జరిపి, ముంజేతి మీద పిల్లి చీరిన గీత చూపించాను. ఎవరికీ అర్థం కాలేదు. చెప్పడం నాకూ ఇష్టం లేకపోయింది. మర్నాడు పొద్దున్న మా మనవణ్ని వెంటబెట్టుకుని మా వీధిలో ప్రతి తలుపూ తట్టాను. ఏం కావాలని అడిగారు. ఇప్పటికేం అక్కర్లేదు, మీకేమైనా మోయాల్సి వస్తే మమ్మల్ని అడగండి అని వాడి చేత ఇంగ్లీషులో చెప్పించాను.