సాక్సులు తొడిగిన కుర్చీలు

తప్పు ముందే చెప్పేస్తాను. ఆ బుధవారం మధ్యాహ్నం మూడుంబావుకు, కౌకూర్‌లోని ఒక కాఫీ దుకాణంలో, పందొమ్మిదేళ్ల అమ్మాయి ఆరు వారాల కష్టాన్ని అర నిమిషంలో పాడుచేశాను. కావాలని చేయలేదు. కానీ ముందుగా తెలుసుకునే వీలు నా తల పక్కనే ఉంది, నేను చూడలేదు. అందుకే అక్కడికి వెళ్లాలనుకునేవాళ్లకు ఏ బండి ఎక్కాలో చెబుతూ, నేను చేసింది కూడా చెబుతున్నాను.

మాది మేడ్చల్. ఇరవై తొమ్మిదేళ్లు బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. మా అమ్మాయి సుచిత్ర చౌరస్తా దగ్గర అపార్టుమెంటులో ఉంటుంది. దాని కూతురు ఆద్య నాలుగో తరగతి. "బాపు, ఆద్య గీసిన బొమ్మ కౌకూర్ల ఒక కాఫీ షాపుల గోడకు పెట్టిన్రు. నెలాఖరుకు తీసేస్తరట, ఒకసారి చూసి రా" అని మా అమ్మాయి ఫోన్లో చెప్పింది.

"కాఫీ షాపుల పిల్లల బొమ్మలెందుకు పెడ్తరు?" అన్నాను.

"పోతే తెలుస్తది."

పోయాక కూడా చాలాసేపు తెలియలేదు.

ఇంట్లో అన్నం తిని, ఒంటి గంటా నలభైకి మేడ్చల్ స్టేషన్‌లో లోకల్ రైలు ఎక్కాను. మధ్యాహ్నం పూట బండ్లు తక్కువ, సమయం కనుక్కుని బయలుదేరడం మంచిది. టికెట్టు చాయ్ ధర కంటే తక్కువే. ఎదుటి సీట్లో జామపండ్ల గంపతో ఒకామె కూర్చుంది.

"యాడికి వోతున్నవే అన్నా?" అంది.

"బొల్లారం. కాఫీ తాగుదామని."

"కాఫీకి రైలెక్కి వోతున్నవా? ఇంట్ల పాలు విరిగినయా ఏంది?"

పెట్టెలో నలుగురైదుగురు నవ్వారు. బొల్లారంలో దిగేసరికి రెండు దాటి పది నిమిషాలు. స్టేషన్ బయట చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. షేర్ ఆటో నిండేదాకా అరగంట కూర్చున్నాను. కౌకూర్ కమాను దాటి రెండో సందులో దించాడు.

అది దుకాణంలా లేదు. ఒక పాత ఇంటి కింది భాగం. గేటు మీద కాలనీ పిల్లల చేతి అచ్చులు, రంగురంగులుగా. మెట్ల స్థానంలో వాలుగా కట్టిన సిమెంటు దారి. తలుపు ముందు నిలబడి సెల్ఫీ దిగాను. వెలుతురు సరిగా పడలేదని ఇంకోటి దిగాను. అయిదు నిమిషాలు ఆ తలుపు దగ్గరే ఉన్నాను.

లోపల అడుగు పెట్టగానే, ఎవరో చనిపోయారనుకున్నాను. ఏడెనిమిది మంది కూర్చుని ఉన్నారు, ఒక్కరూ మాట్లాడటం లేదు. పాట లేదు, మిక్సీ చప్పుడు లేదు. స్టీలు చెంచాలకు బదులు చెక్క చెంచాలు. కుర్చీల నాలుగు కాళ్లకూ సాక్సులు తొడిగి ఉన్నాయి, స్కూలు పిల్లలకు తొడిగినట్టు. ఇదేం అలంకారమో అర్థం కాలేదు. కిటికీ దగ్గర ఒక ముసలాయనా, చీర కట్టుకున్న పొడవాటి ట్రాన్స్ మహిళా ఒకే కాగితం మీద చెరో పక్కన బొమ్మ గీస్తున్నారు. ఆమెను వింతగా చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. కౌంటరు వెనక ఉన్న అమ్మాయి నవ్వి, పెదవుల మీద వేలు పెట్టి, కూర్చోమని సైగ చేసింది. దుకాణం ఆమెదేనని, పేరు స్రవంతి అని తర్వాత తెలిసింది. పెదవుల మీద వేలు ఎందుకో అప్పుడు తెలియలేదు. పంటి నొప్పేమో అనుకున్నాను.

గోడ నిండా బొమ్మలు, చుట్టుపక్కల ఎవరు గీసి తెచ్చినా పెడతారట. ఆటో నడిపే ఒకాయన పెన్నుతో గీసిన బర్రెలు, ఒక అవ్వ గుడ్డ మీద కుట్టిన ముగ్గు. వాటి మధ్య మా ఆద్య బొమ్మ దొరికింది. ఎర్ర బస్సు, ఫుట్‌బోర్డు మీద ఖాకీ చొక్కా మనిషి. ఆ మనిషి నోరు బస్సు ముందు అద్దమంత ఉంది. కింద వంకర అక్షరాలతో 'మా తాత'.

నాకు సంతోషం ఆగలేదు. వెంటనే మా ఆవిడ లక్ష్మికి వీడియో కాల్ చేశాను.

"చేరినవా? ఏడున్నవ్?" అంది లక్ష్మి. గొంతు గదంతా వినబడింది.

"గిదిగో, నీ మనవరాలి బొమ్మ. కనవడ్తాందా?"

"కనవడ్తాంది గని వినవడ్తలేదు, జెర పెద్దగ మాట్లాడు."

పెద్దగా మాట్లాడాను. బస్సులో వెనక సీటుదాకా వినిపించిన గొంతు నాది.

కౌంటరు ముందు నీలం పంజాబీ డ్రెస్సులో ఒక అమ్మాయి నిలబడి ఉంది. రెండు చేతులతో చెవులు మూసుకుని ఉన్నచోటే కూలబడింది. గొంతులోంచి ఒకే స్థాయిలో మూలుగు, అరచేతులతో తల కొట్టుకోవడం. మూర్ఛ అనుకున్నాను. బస్సులో ఎంతమందికి రాగా చూడలేదు నేను! "నీళ్లు, నీళ్లు తేండి, జరుగుండ్రి" అని అరుస్తూ పరుగెత్తాను. జేబులోంచి తాళాల గుత్తి తీసి ఆ అమ్మాయి గుప్పిట్లో కుక్కబోయాను. ఇనుము తగిలితే మూర్ఛ దిగుతుందని మా నాయిన చేసేవాడు, నేనూ చేసేవాణ్ణి. గుత్తిలో పదకొండు తాళాలు. అవి ఆమె చెవి దగ్గర గలగలమన్నాయి. అమ్మాయి నన్ను తోసేసి బల్ల కిందికి దూరింది.

వాళ్లమ్మ వచ్చి నా చేయి పట్టుకుని పక్కకు జరిపింది. ఆ అమ్మాయి పక్కనే నేల మీద కూర్చుంది. పది నిమిషాల తర్వాత ఇద్దరూ లేచి బయటికి నడిచారు. ఏం జరిగిందో తెలియక నేను వెంట వెళ్లాను.

గేటు దగ్గర ఆవిడ ఆగింది. కోస్తా మాట. "మీరు పెద్దవారు, నేనేం అనను. ఆరు వారాలండీ. మొదటి వారం ఈ గేటు పట్టుకుని నిలబడి వెళ్లిపోయాం. మూడో వారానికి వరండా. ఇవాళ మా లహరి తనంతట తనే కౌంటరు దాకా నడిచింది. తను మాట్లాడదు కదా, కౌంటరు మీది అట్టలో కాఫీ బొమ్మ మీద వేలు పెట్టి అడగబోతోంది." ఆవిడ స్కూటర్ స్టార్ట్ చేయకుండానే సందు చివరిదాకా తోసుకుంటూ పోయింది. లహరి చెవులు మూసుకుని వెనకాలే నడిచింది.

వరండాలో స్రవంతి చిన్న గొంతుతో చెప్పింది. "ఫిట్స్ గాదు అంకుల్. చప్పుడు ఆమెకు దెబ్బలెక్క తాకుతది. గసుంటోళ్ల కోసమే బుధవారం ఒక్క గంట ఇట్ల వెడ్తం."

అప్పుడు క్షమించమని అడగవలసింది. నేను వాదనకు దిగాను. "మరి బోర్డు పెట్టొద్దా బిడ్డా? తెలుగుల రాసి పెడితే మాకు తెలువదా?"

"ఉన్నది అంకుల్."

"తలుపు కాడ అయిదు నిమిషాలు నిలవడ్డ. లేదు."

ఆమె తలుపు వైపు చూసింది, నా వైపు చూసింది. "సరే అంకుల్. కాఫీ తాగి పోండి" అంది. తాగకుండా వచ్చేశాను. తప్పు నాదా, వాళ్లదా, ఆ తల్లిదా అని బొల్లారం దాకా తేల్చుకోలేకపోయాను.

సాయంత్రం బండిలో ఖాళీ గంపతో జామపండ్లావిడే మళ్లీ కనబడింది. "కాఫీ తాగినవా అన్నా?" అంది. మాట మార్చడానికి ఫోన్ తీసి ఫోటోలు చూపించాను. ఆమె నా సెల్ఫీ దగ్గర ఆగి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది.

"గీ బోర్డు మీద 'బుధవారం మూడు నుంచి నాలుగు దాకా చప్పుడు చేయవద్దు, ఫోను జేబులోనే ఉంచండి' అని రాసిన్రు. నువ్వేమో ఫోను చేతుల వట్టుకొని దాని పక్కనే నవ్వుకుంట నిలవడ్డవ్."

ఫోన్ లాక్కుని చూశాను. నా కుడి చెవి పక్కన, పసుపుపచ్చ పలక మీద, పెద్ద తెలుగు అక్షరాలు. రెండు ఫోటోల్లోనూ ఉంది. తప్పు బస్సెక్కిన ప్రయాణికులను ఎంతమందిని అందరిముందూ తిట్టాను, 'బోర్డు సదివి ఎక్కరాదా' అని.

మరుసటి బుధవారం రెండున్నరకే కౌకూర్ చేరాను. స్రవంతికి ఫోటో చూపించాను. "బోర్డు ఉన్నది బిడ్డా. అబద్ధమాడిన."

"చూడలేదు, అంతే కద అంకుల్."

"చూడకుండ లేదన్న. గది అబద్ధమే. వాళ్లు వస్తరా?"

"తెల్వదు. ఫోన్ ఎత్తుతలేరు." స్రవంతి సందు వైపు చూసింది. "లోపలి చప్పుడు మేం ఆపుతం. బయట మైకులు పెట్టుకొని తిరిగే బండ్లే మా చేతుల లేవు."

నేను చేయగలిగిన పని అదొక్కటే అనిపించింది. సందు మలుపులో నిలబడ్డాను. మూడు దాటగానే 'పాత కూలర్లు, పాత ఇనుప సామాన్లు కొంటాం' అని రికార్డు వేసుకుంటూ ట్రాలీ ఆటో వచ్చింది. బస్సును ఆపినట్టే చెయ్యెత్తి ఆపాను. ఈల వేయబోయి ఊరుకున్నాను.

"గంట సేపు మైకు బంద్ వెట్టు తమ్మీ."

"ఎవరన్న సచ్చిపోయిన్రా కాకా?"

"లేదు. ఒక పిల్ల కాఫీ తాగాలె."

అతను నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "కాఫీకి గింత కథనా" అంటూ మైకు ఆపి వెళ్లాడు. ఆ తర్వాత ఉల్లిగడ్డల బండి, దుప్పట్ల బండి. ఒకడు మాత్రం "రోడ్డు నీ అయ్యదా" అని గొంతు ఇంకా పెంచుకుని పోయాడు. లహరి రాలేదు. ఆ పై బుధవారం కూడా రాలేదు. ఎవరూ రాని సందుకు కాపలా కాయడం ఎందుకో నాకే తెలియలేదు, అయినా నాలుగు దాకా నిలబడ్డాను.

మూడో బుధవారం మూడుంబావుకు సందు చివర స్కూటర్ ఆగింది. అక్కడినుంచి తోసుకుంటూ వచ్చారు. లహరి చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు ఉన్నాయి. గేటు పట్టుకుని నిలబడింది. ఇరవై అడుగుల దూరంలో నేను. తాళాల గుత్తిని ఆ రోజు రుమాల్లో చుట్టి సంచి అడుగున పెట్టుకున్నాను. నమస్కారం కూడా పెట్టలేదు, అటు తిరిగి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను. నీళ్ల ట్యాంకర్ ఒకటి వస్తే చెయ్యెత్తాను. డ్రైవరు హారన్ కొట్టకుండా మెల్లగా దాటించాడు.

వాళ్లు ఏడు నిమిషాలున్నారు. లోపలికి వెళ్లలేదు. వెనుదిరిగి వెళ్లేటప్పుడు ఆ తల్లి నా దగ్గర ఒక్క క్షణం ఆగి, చాలా చిన్నగా అంది. "మళ్లీ గేటు దగ్గర్నుంచేనండీ. వచ్చే వారం వరండాకి ప్రయత్నిస్తాం."

"నేనుంట" అన్నాను. వినబడిందో లేదో.

దుకాణం పేరు రాయవద్దని స్రవంతి కోరింది, జనం పెరిగితే ఆ గంట నిలవదని. కౌకూర్ వెళ్లి చేతి అచ్చుల గేటు వెతికితే దొరుకుతుంది. కాఫీ బాగుందట. నేనింకా తాగలేదు, లహరి తాగాక తాగుతాను. నెలాఖరుకు తీసేసిన ఆద్య బొమ్మ ఇప్పుడు మా ఇంట్లో ఉంది. నోరు మరీ పెద్దగా గీసిందని మొదట నవ్వాను. కొలత సరిగ్గానే ఉంది.

ఆ మూడో బుధవారం బొల్లారంలో సాయంత్రం బండి ఎక్కి కూర్చున్నాక లక్ష్మి ఫోన్ చేసింది. పక్కన ఒకాయన కునుకు తీస్తున్నాడు. అరచెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడాను.

"పిల్ల వచ్చిందా?" అంది.

"వచ్చింది."

"ఏమంటున్నవో వినవడ్తలేదు. జెర పెద్దగ మాట్లాడు."

"ఇంటికొచ్చి చెప్త" అన్నాను.