కల్హేర్‌కు పంపిన గుడ్డ బొమ్మ

క్రిస్మస్ దగ్గర పడ్డదంటే నారాయణఖేడ్ క్రైస్తవుల వాడలో పిల్లలంతా హన్నమ్మ వాకిట్లోనే ఉండేవాళ్లు. ఆమె పగలంతా శంకరప్ప పటేలు చేలో కూలి చేసి వచ్చేది. వచ్చీ రాగానే జొన్న చొప్ప ముందేసుకొని కూర్చునేది. దంటు పైపెచ్చు వలిచి, లోపలి మెత్తటి బెండును ముక్కలుగా కోసి, తుమ్మముళ్లతో గుచ్చి పిల్లలతో చుక్కలు చేయించేది. పసుపు నీళ్లలో ముంచితే పసుపుపచ్చ చుక్కలు, అందులో కాస్త సున్నం కలిపితే ఎర్ర చుక్కలు. వాటిని దారానికి కట్టి ప్రార్థన కొట్టం నిండా వేలాడదీసేవాళ్లు.

తర్వాత కానుకల పని. ఒకరికొకరు ఇచ్చుకునేందుకు బెండు బండ్లు, బెండు ఎడ్లు, పాత చీర పేలికలతో బొమ్మలు. ఎవరికి ఇస్తున్నారో వాళ్లకు నచ్చేది చెయ్యాలి గాని తమకు నచ్చింది కాదని హన్నమ్మ గట్టిగా చెప్పేది. ఆమె ఒక్కగానొక్క కూతురు లిదియాకు మాత్రం కుదురు లేదు. బొమ్మ కడుపులో పత్తి కూరే పని ఒక్కటే చేసి, మిగతాది తల్లి మీద పారేసి ఆటకు పోయేది.

నిజాం కాలంలో, ప్లేగు వచ్చిన ఏడు, జొన్న కోతలప్పుడే ఊళ్లో ఎలుకలు చచ్చి పడటం మొదలైంది. ఇళ్లు ఖాళీ చెయ్యమని చాటింపు వేశారు. ఊరు ఊరంతా చేలల్లోకి పోయి గుడిసెలు వేసుకుంది. హన్నమ్మ వాడ వాళ్లు శంకరప్ప బీడులో దిగారు. దిగిన కొన్నాళ్లకే రిబ్కమ్మ అనే విధవరాలికి చంకలో గడ్డ లేచింది. జ్వరంతో ఆమె పోయింది. మగవాళ్లు పాతిపెట్టి వచ్చి, ఆమె గుడిసెకు నిప్పు పెట్టారు. ఆమె కూతురు గ్రేసమ్మ, లిదియా ఈడు పిల్ల, పొలం గట్టు మీద కూర్చొని ఆ మంట చూస్తోంది. దగ్గరికి రమ్మని ఎవరూ పిలవలేదు. ఒకరిద్దరు దూరం నుంచి రొట్టె విసిరి పోయారు.

హన్నమ్మ పోయి ఆ పిల్లను చెయ్యి పట్టుకొని తెచ్చింది. కట్టుబట్టలు కాల్చి, వేపాకు నీళ్లతో స్నానం చేయించి, తన చీరలో సగం చింపి చుట్టింది. ఆమె మొగుడు ఎల్లప్ప గుడిసె బయటే ఆగిపోయాడు.

"పరాయి పిల్ల కోసం మన పిల్లను చంపుకుంటవా?" అన్నాడు.

"మరి గట్టు మీద ఇడిసిపెడితే గీ పిల్ల బతుకుతదా?"

ఎల్లప్ప బండి కట్టి, లిదియాను ఎక్కించుకొని కల్హేర్‌లో ఉన్న అన్న ఇంటికి బయలుదేరాడు. హన్నమ్మ ఆపలేదు. బిడ్డ దూరంగా ఉండటమే మేలని ఆమెకూ అనిపించింది.

వాడకు ప్రార్థనలు చెప్పే ఉపదేశి స్తెఫను ఆ ఏడు పిల్లలెవరూ హన్నమ్మ గుడిసెకు పోవద్దని చెప్పాడు. ఆయన చెప్పకపోయినా తల్లులు పంపేవాళ్లు కాదు. అయినా హన్నమ్మ చొప్ప తెచ్చింది. ఇద్దరే కూర్చొని చుక్కలు చేశారు. లిదియాకు ఏమి ఇష్టమని గ్రేసమ్మ అడిగింది. బొమ్మ అని చెప్పింది హన్నమ్మ.

గ్రేసమ్మ మూడు పూటలు కూర్చొని బొమ్మ కుట్టింది. దానికి లంగా కట్టేటప్పుడు ఎక్కడినుంచో ఒక ఎర్ర గుడ్డ పేలిక తీసింది. అది రిబ్కమ్మ చీర కొంగు. అన్నీ కాల్చేనాడు పిల్ల దాన్ని రాళ్ల కింద దాచుకుంది. హన్నమ్మ పారెయ్యమనబోయింది. కాని తన దగ్గర ఉన్న ఒకే ఒక్క మంచి గుడ్డను ఇంకొకరికి ఇద్దామని చూస్తున్న ఆ ముఖం చూసి మనసు మార్చుకుంది. పేలికను బూడిద నీళ్లలో ఉడకబెట్టి, ఎర్రటి ఎండలో వేసి, మళ్లీ ఉడకబెట్టి, మళ్లీ ఎండేసి ఇచ్చింది. ప్రార్థన చెప్పడానికి కల్హేర్ పోతున్న స్తెఫను కాసేపు వెనకాడి, చివరికి బొమ్మను సంచిలో వేసుకున్నాడు.

పండుగనాడు బీడులో అందరూ ఒకచోట కూడి పాటలు పాడారు. హన్నమ్మ, గ్రేసమ్మ దూరంగా గట్టు మీద కూర్చొని గొంతు కలిపారు. హన్నమ్మ గుడిసె చుట్టూ కట్టిన చుక్కలను పిల్లలు తామున్న చోటి నుంచే చూశారు.

పండుగ వెళ్లాక కబురు వచ్చింది, లిదియాకు జ్వరమని. హన్నమ్మ ఆ మాట విన్నచోటి నుంచే కల్హేర్‌కు నడిచింది. చేరేసరికి బిడ్డను మట్టి చేశారు. ఎల్లప్ప అన్న ఇంటి ముందు నేల మీద కూర్చొని ఉన్నాడు. బొమ్మను రోజూ పక్కన పెట్టుకొని పడుకునేదని తోడికోడలు చెప్పింది. బట్టలతో పాటు దాన్నీ కాల్చేశారట.

హన్నమ్మ మొగుణ్ణి అడిగింది.

"బొమ్మతోనే వచ్చిందంటవా?"

"నాకు తెల్వది. బొమ్మ రాకముందే మా అన్న ఇంట్ల ఎలుక పడ్డది. అయినా తెల్వది. నువ్వు పో. నేను ఇప్పుడే రాను," అన్నాడు.

బీడుకు తిరిగి వస్తే గ్రేసమ్మ ఎదురొచ్చి బొమ్మ నచ్చిందా అని అడిగింది. నచ్చిందని, పక్కనే పెట్టుకొని పడుకున్నదని హన్నమ్మ చెప్పింది. మిగతాది, లిదియా పోయిందని, అది ఆ బొమ్మతోనేనని, ఇరుగుపొరుగు చెప్పారు. ఆ పిల్ల తిండి మానేసి కందిచేలో దూరి కూర్చుంది. హన్నమ్మ వెతుక్కుంటూ పోయి పక్కన కూలబడింది.

"ఉడకబెట్టింది నేను. పంపింది నేను. నువ్వు కుట్టినవు, గంతే. ఎవలన్న అడిగితే గదే చెప్పు."

వానలు పడ్డాక జనం ఊళ్లోకి మళ్లారు. ఎల్లప్ప కూడా వచ్చాడు. గ్రేసమ్మ పెట్టిన అన్నం తినేవాడు, ఆమెతో మాట్లాడేవాడు కాదు. క్రిస్మస్‌కు పిల్లలు మళ్లీ వాకిట్లోకి వస్తే హన్నమ్మ తన చేతులు సాగడం లేదని చెప్పి లోపలికి పోయింది. గ్రేసమ్మే వాళ్లను కూర్చోబెట్టుకొని చుక్కలు చేయించింది. ఆ ఇంట్లో బొమ్మలు మాత్రం మరి కుట్టలేదు.

ఏళ్లు గడిచాయి. మనూర్ ఊరి వాళ్లు సంబంధం అడిగినప్పుడు ఎల్లప్పే దగ్గరుండి గ్రేసమ్మ పెళ్లి చేశాడు. తొలి కాన్పుకు ఆమె హన్నమ్మ ఇంటికే వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. లిదియా అని పేరు పెడతానంటే హన్నమ్మ వద్దంది. ఆ పేరు మళ్లీ మళ్లీ పిలవడం తన వల్ల కాదంది.

ఎల్లప్ప గుమ్మంలో కూర్చొని వింటున్నాడు. "పెట్టనియ్యి. నేను పిలుస్త," అన్నాడు.

ఆ పేరే పెట్టారు. ఎల్లప్ప పిలిచేవాడు. హన్నమ్మ మాత్రం తాను బతికినన్నాళ్లూ ఆ పిల్లను బిడ్డా అనే పిలిచింది.