చెరిపినా పోని ఫైలు

ఉర్లా పారిశ్రామికవాడలో మా ఫ్యాక్టరీకి కంప్యూటర్ సెక్షన్ అంటే ఇద్దరమే, అన్నయ్య, నేను. అన్నయ్యంటే తోడబుట్టినవాడు కాదు, నా పై ఉద్యోగి. తాతల నాడు విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి ఈ హిందీ ప్రాంతానికి వచ్చి, వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపు వాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం వాళ్లది. నేను ఉద్యోగంలో చేరిన రోజున హిందీలో సర్ సర్ అంటుంటే, "తెలుగు పిల్లవే కదా, సర్ ఏటమ్మా, అన్నయ్యా అను" అన్నాడు. ఇక అదే పిలుపు.

మేం ఇనుప స్ట్రక్చర్లు చేసేవాళ్లం. వాటి డ్రాయింగులన్నీ యూనిక్స్ మీద నడిచే ఒకే ఒక్క సర్వర్లో ఉండేవి. అది పడిపోయిందంటే పైన డిజైనర్ల పని ఆగేది, కింద షెడ్డులో కటింగ్ ఆగేది, మా ఇద్దరికీ తిట్లు మొదలయ్యేవి. ఆ ఏడు వానాకాలమంతా అది తనకు బుద్ధి పుట్టినప్పుడల్లా పడిపోయింది. సర్వర్ తన గురించి తాను రాసుకునే లాగ్ ఫైళ్లలో వెతికితే, చివరి లైను వరకూ అంతా మామూలే. ఆ తర్వాత ఖాళీ. నేనైతే విసుగెత్తి దాన్ని నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. అన్నయ్య మాత్రం తలుపు వేసుకుని దాని పక్కన కూర్చుని వినేవాడు.

ఒకరోజు ఎక్కడి నుంచో చిన్న మైకు తెచ్చి సర్వర్ పక్కన టేపుతో అంటించాడు. రాత్రీ పగలూ ఆ గదిలో చప్పుడంతా రికార్డు చేసి ఒక ఫైల్లో రాస్తూ పోయే చిన్న ప్రోగ్రాం పెట్టాడు.

"ఇదేం వైద్యం అన్నయ్యా, వదిన దగ్గర నేర్చుకున్నావా?" అని ఆట పట్టించాను. వాళ్లావిడ ఆస్పత్రిలో నర్సు.

"పడిపోయే ముందు ఏదో ఒక చప్పుడు చెయ్యకుండా ఉండదే. మనిషైనా మూలుగుతాడు కదా" అన్నాడు.

అది పెట్టిన కొద్ది రోజులకే విశ్వకర్మ పూజ వచ్చింది. ఉర్లాలో ఆ రోజు ఒక్క మిషనూ తిరగదు. అన్నిటినీ కడిగి బొట్టు పెట్టి దండలు వేస్తారు, ఎవరూ పనిముట్టు ముట్టరు. అన్నయ్యకు అదే కావాలి. "మన వెల్డింగులన్నీ బంద్. ఇవాళ కూడా సర్వర్ స్టెబిలైజర్ టక్కుమందంటే కరెంటు తేడా మనది కాదు, బయటి లైనుది. ఈ ఒక్క రోజే తేలుతుంది" అన్నాడు. అందరితో నవ్వుతూ మాట్లాడి మెల్లిగా పైకి వెళ్లిపోయాడు. మేమంతా ఆవరణలో పూరీలూ బూందీ తింటూ కూర్చున్నాం. లౌడ్‌స్పీకర్లో భజనలు హోరెత్తుతున్నాయి. మధ్యాహ్నం దాటాక కనబడకపోతే ఇంటికి వెళ్లిపోయాడనుకున్నాను.

సాయంత్రం లైట్లు వేయడానికి వెళ్లిన వాచ్‌మన్ చూశాడు. అన్నయ్య సర్వర్ గది తలుపు దగ్గర నేల మీద పడి ఉన్నాడు. గుండె అన్నారు. క్షణంలో పోయాడు, తెలిసి కూడా ఉండదు అన్నాడు డాక్టరు. ఆ మాటే ఫ్యాక్టరీ అంతా అనుకుంది, చర్చిలో అందరూ అనుకున్నారు, నేనూ పదిమందికి చెప్పాను. ఒక్క వదినే నమ్మలేదు. సమాధుల దగ్గర నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లింది.

"కుర్చీ సర్వర్ దగ్గర ఉంది, మనిషి తలుపు దగ్గర ఉన్నాడు. క్షణంలో పోయినవాడు అక్కడి దాకా ఎలా వచ్చాడు? నేను రోజూ చూసే పనే కదమ్మా ఇది. నాకు నిజం కావాలి" అంది.

ఆ నిజం ఎవరికీ ఎప్పటికీ తెలియదనే అనుకున్నాను.

ఆ తర్వాత ఆ గదిలోకి ఎవరూ వచ్చేవారు కాదు. పూజ రోజు మిషను ముట్టుకున్నాడు కాబట్టే అలా అయిందని గుసగుసలు. విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఊడ్చడానికి కూడా ప్యూన్ లోపలికి అడుగుపెట్టేవాడు కాదు. సర్వర్ పడిపోవడం మానేసింది కానీ కొత్త తెగులు పట్టుకుంది. డిస్కు నిండిపోతోంది. పాత డ్రాయింగులు తీసేసి సాయంత్రం కాస్త చోటు చేసి వెళ్తే, పొద్దున్నకి ఆ చోటు మాయం. మేనేజరు బయటి నుంచి ఒక టెక్నీషియన్ని పిలిపించాడు. అతను అన్నయ్య పేరు మీద ఉన్న పెద్ద ఫైలు ఒకటి చూసి, చనిపోయినవాడి ఫైలు ఎందుకని చెరిపేసి, బిల్లు రాసి వెళ్లిపోయాడు. అయినా చోటు రాలేదు సరికదా, ఇంకా తగ్గుతూనే ఉంది.

ప్యూన్ తలుపు బయటే నిలబడి, "మేడమ్, సాహబ్ గయే నహీ హై" అన్నాడు. సాహబ్ ఇంకా పోలేదట. నీ మొహం, పోయి టీ పట్రా అని కసిరాను. కసిరానే గాని ఒంటరిగా ఆ గదిలో కూర్చోవాల్సి వస్తే తలుపు తెరిచే ఉంచేదాన్ని. నేను దేవుడికే సరిగా దండం పెట్టను, దయ్యాన్ని ఏం నమ్ముతాను. కానీ వెనక ఎవరో కూర్చుని వింటున్నట్టే ఉండేది.

ఒక రోజు మొండికేసి లెక్క చూశాను. ఉన్న ఫైళ్లన్నీ కూడితే డిస్కు సగం కూడా నిండలేదు. డిస్కునే అడిగితే నిండిపోయానంటోంది. అలాంటి తేడా వచ్చినప్పుడు ఏం చూడాలో అన్నయ్యే నేర్పాడు. యూనిక్స్‌లో ఫైలు చెరిపితే పోయేది ముందు దాని పేరే. ఏదైనా ప్రోగ్రాం ఆ ఫైలు తెరిచి పట్టుకుని ఉంటే, అది వదిలేదాకా లోపలిదంతా డిస్కులోనే ఉంటుంది. రేషన్ కార్డులో పేరు కొట్టేసినా మనిషి ఇంట్లో కూర్చుని అన్నం తింటూనే ఉన్నట్టు. నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా తీశాను. అందులో అన్నయ్య పేరుంది. మైకు రికార్డు చేసే ప్రోగ్రాం. పూజకు ముందు మొదలైంది, ఇంకా రాస్తూనే ఉంది.

కీబోర్డు మీంచి చేతులు తీసేశాను. టేపుతో అంటించిన ఆ మైకు నా మోచేతి పక్కనే ఉంది. ఇన్నాళ్లూ ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. నేను ఆ గదిలో కూర్చుని ఏడ్చిన ఏడుపులు కూడా అది విని ఉంటుంది. అంతలోనే ఇంకో సంగతి తట్టింది. ఆ మధ్యాహ్నం కూడా ఇందులోనే ఉంది.

మేనేజరుకు ఇవేం పట్టవు. "రీబూట్ మారో, ఖతమ్ కరో" అన్నాడు, సర్వర్ని ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెట్టి గొడవ వదిలించుకోమని. రీబూట్ చేస్తే ప్రోగ్రాం ఆగిపోతుంది, దాంతో ఫైలూ పోతుంది, మళ్లీ తేలేం. డ్రాయింగులు పాడవుతాయని భయపెట్టి సాయంత్రం దాకా గడువు తీసుకున్నాను. వెంటనే వదినకు ఫోన్ చేశాను.

"వదినా, ఆ రోజు గదిలో చప్పుడు రికార్డయి ఉంది. నేను వినలేదు. ఉంచమంటావా, పోనిమ్మంటావా? నువ్వు వద్దంటే ఇప్పుడే పోతుంది" అన్నాను.

"ఉంచు. డ్యూటీ అప్పజెప్పి వస్తున్నా" అంది.

పేరు లేని ఆ ఫైలును ప్రోగ్రాం చేతిలో ఉండగానే నెట్‌వర్క్ మీద నా కంప్యూటర్‌కి కాపీ చేయడం మొదలుపెట్టాను. బయట మబ్బు పట్టింది. పక్క ఫ్యాక్టరీలో ఏదో మొదలుపెట్టినట్టున్నారు, స్టెబిలైజర్ టక్కుమన్నప్పుడల్లా కాపీ ఎంతవరకొచ్చిందో చూసుకునేదాన్ని. ఎన్నడూ లేనిది సర్వర్ మీద చెయ్యి వేసి, ఇవాళ ఒక్కరోజు పడిపోకు తల్లీ అని బతిమాలుకున్నాను. కాపీ పూర్తయ్యేసరికి వదిన నర్సు చీరలోనే వచ్చి తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆయన పడి ఉన్న చోటును దాటడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది.

ఇయర్‌ఫోన్లు చెరొకటి పెట్టుకున్నాం. ముందుకూ వెనక్కూ జరుపుతూ భజనలు వినబడే చోటు పట్టుకున్నాను. ఫ్యాన్ల హోరు, దూరంగా లౌడ్‌స్పీకర్, మధ్యమధ్య కింద మా నవ్వులు. దగ్గరగా అన్నయ్య కూనిరాగం. వదిన కళ్లు మూసుకుంది. స్టెబిలైజర్ టక్కుమంది, మళ్లీ టక్కుమంది. "దొరికావురా దొంగా. మనది కాదు, బయటిదే" అని అన్నయ్య నవ్వాడు. ఆ నవ్వు వినగానే నాకూ నవ్వొచ్చింది, సిగ్గులేకుండా.

తర్వాత కుర్చీ పడిన చప్పుడు. ఊపిరి బరువుగా లాగడం. నేల మీద ఏదో ఈడ్చినట్టు, ఆగి, మళ్లీ ఈడ్చినట్టు.

"అమ్మా" అన్నాడు. "అమ్మా, మంచినీళ్లు."

కింద భజన మారింది. ఎవరూ రాలేదు. మళ్లీ అడిగాడు. మళ్లీ. వదిన్ని పిలవలేదు, నన్ను పిలవలేదు, ప్రభువునైనా పిలవలేదు. తప్పిపోయిన పిల్లాడిలా అమ్మనే పిలిచాడు. నేను భరించలేక ఇయర్‌ఫోన్ పీకేశాను. వదిన తియ్యలేదు. చేతి గడియారం చూసుకుంటూ, పేషెంటు పక్కన నిలబడినట్టు, ఆఖరిదాకా వింది.

"చాలాసేపు ఉన్నాడు" అంది. తర్వాత, "ఇక ఆపెయ్యి. నీ దగ్గరున్నది కూడా తీసెయ్యి" అంది.

ప్రోగ్రాం ఆపే ఆదేశానికి యూనిక్స్‌లో పేరు కిల్. టైపు చేశాను గాని ఎంటర్ కొట్టలేకపోయాను. వదినే కొట్టింది. డిస్కులో సగానికి పైగా చోటు ఒక్కసారిగా తిరిగొచ్చింది. కాపీ కూడా తీసేశాను. తర్వాత సర్వర్‌కి వేరే యూపీఎస్ పెట్టించాం, ఆ పడిపోయే రోగం మళ్లీ రాలేదు. కనిపెట్టింది అన్నయ్యేనని మేనేజరుకు చెప్తే, అచ్ఛా అని ఊరుకున్నాడు.

ఆ సాయంత్రం నేను మోవాలో మా ఇంటికి పోకుండా వదిన వెంట కాలనీకి వెళ్లాను. అన్నయ్య వాళ్లమ్మగారు గుమ్మంలోనే కూర్చుని ఉన్నారు. ఆఫీసు నుంచి ఫోన్ వచ్చి కోడలు వెళ్లిందని ఆవిడకు ఆస్పత్రి వాళ్లెవరో చెప్పారట.

"ఏటైనా తెలిసిందా?" అని అడిగారు.

"డాక్టరు చెప్పిందే నిజం అత్తయ్యా. వెంటనే పోయారు. బాధేం పడలేదు" అంది వదిన. ఆ మాట కోసమే దారంతా సిద్ధపడుతూ వచ్చిందని నాకర్థమైంది.

ఆవిడ తల ఊపారు. "మంచిదే. తక్లీఫ్ పడలేదు, అదే చాలు" అన్నారు. మళ్లీ తనే, "అయితే నన్ను తలుచుకోడానికి కూడా టైం లేకపోయిందన్న మాట నా కొడుక్కి" అన్నారు.

వదిన గోడకు ఆనుకుంది. ఇంకేం చెప్పదనే అనుకున్నాను.

"పిలిచారు" అంది. "ఆ గదిలో మైకుంది, అందులో విన్నాం. అమ్మా అని. ఒక్కసారి."

పెద్దావిడ నా వైపు తిరిగారు. "నువ్వూ విన్నావా పాపా?"

"విన్నానండీ."

"గట్టిగా పిలిచాడా, మెల్లిగానా?"

"మెల్లిగానేనండీ. ఒక్కసారే."

ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. చాలాసేపటికి కళ్లు తుడుచుకుని, నేనింకా నిలబడే ఉన్నానని చూసి, "అయ్యో, అంత దూరం పడి వచ్చేవు, నీకు మంచినీళ్లయినా ఇవ్వలేదు" అంటూ లేచి లోపలికి వెళ్లి నిండా గ్లాసుతో తెచ్చారు. వదిన నా వంక చూడలేదు. ఆవిడ చూస్తుండగా ఆ నీళ్లన్నీ తాగాను.